ఫ్రీజర్లో పరపతి

ఫిబ్రవరి 4, మంగళవారం

కోపం వస్తే ఎదుటివాళ్ళ మీద కక్కకుండా కాగితం మీద కక్కమని కోర్టు మధ్యవర్తి చెప్పింది. సరే, కక్కుతున్నాను.

ఇవాళ అపార్ట్‌మెంట్ ఆఫీసుకి వెళ్ళాను. రెండు పడకగదులు, మా అమ్మాయి ఓపల్ బడికి నడిచిపోయేంత దూరం. ఆరు నెలల అద్దె నోట్ల కట్టగా కట్టి, రబ్బరు బ్యాండు వేసి జేబులో పెట్టుకుని వెళ్ళాను. అంత డబ్బు చూస్తే ఆ ఆఫీసు అమ్మాయి లేచి కుర్చీ వేస్తుందనుకున్నాను. కుర్చీ వెయ్యలేదు సరికదా, దొంగసొత్తేమో అన్నట్టు కాస్త వెనక్కి జరిగింది. కంప్యూటర్లో నా పేరు కొట్టింది. మళ్ళీ కొట్టింది.

"మీరు ఇందులో లేరండీ."

"పరపతి స్కోర్ తక్కువుందా?"

"తక్కువుంటే బావుండేది. అసలు లేదు. మీరెప్పుడూ అప్పు తీసుకోలేదా?"

"ఒక్క డాలరు తీసుకోలేదు" అన్నాను ఛాతీ విరుచుకుని.

"అయ్యో" అంది. పెద్ద జబ్బు ఉందని తెలిసినప్పుడు అనే అయ్యో అది.

నాకు ముప్పై తొమ్మిదేళ్ళు. మిల్వాకీ దక్షిణం వైపు సగం పొగగొట్టాలు నా చేతి సున్నంతోనే నిలబడి ఉన్నాయి. అప్పు నిప్పు అని మా నాన్న చెబితే విని, ట్రక్కు దగ్గర్నుంచి తాపీ దాకా రొక్కం పోసి కొన్నాను. కొరీన్‌తో కాపురం చేసిన పదేళ్ళూ అద్దె, కరెంటు, కారు, అన్నీ తన పేరు మీదే ఉండేవి. నేను నోట్లు తెచ్చి బల్ల మీద పెట్టేవాణ్ణి, మహారాజులా. తీరా చూస్తే నేను పుట్టనే లేదట.

ఫిబ్రవరి 8, శనివారం

ఓపల్ వచ్చింది. మా తమ్ముడు డ్వైట్ ఇంటి నేలమాళిగలో, నా సోఫా పక్కన పరుపు వేశాను. బట్టలుతికే యంత్రం దడదడలాడుతుంటే "నాన్నా, ఇది ఎగిరిపోతుందా?" అంది. తొమ్మిదేళ్ళ పిల్లకి అది సరదాగానే ఉంది. మధ్యవర్తికి మాత్రం లేదు. సెప్టెంబర్లో బడి తెరిచేలోగా, ఈ ఊళ్ళో, పిల్లకి తలుపున్న గది చూపించాలి. చూపిస్తే వారంలో సగం నాది. చూపించలేకపోతే కొరీన్‌కి మాడిసన్ ఆస్పత్రిలో ఉద్యోగం సిద్ధంగా ఉంది, పిల్లని తీసుకుని వెళ్ళిపోతుంది. తప్పు ఆమెది కాదు. ఆ మాట రాయడానికి నాకు అరగంట పట్టింది.

ఫిబ్రవరి 19

డ్వైట్ సలహా: మంచి పాత క్రెడిట్ కార్డున్న వాళ్ళెవరైనా తమ కార్డు మీద నా పేరు చేర్చుకుంటే చాలట. వాళ్ళ మంచితనమంతా నా ఖాతాలో కూడా పడుతుందట. నేను ఏమీ కొనక్కర్లేదు, కట్టక్కర్లేదు.

"మరి నువ్వు చేర్చుకో."

"నా కార్డా? నన్ను చేర్చుకునేవాడి కోసం నేనే వెతుకుతున్నా."

నాకు తెలిసినవాళ్ళలో మంచి కార్డున్న మనిషి ఒక్కరే. కొరీన్ వాళ్ళమ్మ, బర్నడీన్. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఒక్కసారి కూడా బిల్లు ఆలస్యం కాలేదని పెళ్ళిళ్ళలోనూ, చావుల్లోనూ చెప్పుకునే మనిషి.

మాజీ అత్తగారిని పరపతి అడుక్కోవడం కంటే నేలమాళిగే నయం.

ఫిబ్రవరి 20

నేలమాళిగలో నీళ్ళొచ్చాయి.

మార్చి 7, శుక్రవారం

ఈస్టరు ముందు మాంసం మానే లెంట్ రోజులు మొదలయ్యాయి. శుక్రవారం ఈ ఊళ్ళో చేప తినని మనిషి ఉండడు. బర్నడీన్‌ని ట్రక్కులో ఎక్కించుకుని, బౌలింగ్ కింద, బారు పైన ఉండే, ఆవిడకి అలవాటైన చోటికే తీసుకెళ్ళాను. పెళ్ళయిన కొత్తలో ఆవిణ్ణి అమ్మా అనేవాణ్ణి. విడాకుల కాగితాల్లో కుక్క ఎవరికో, మంచు తోసే యంత్రం ఎవరికో రాశారు గానీ, ఆవిణ్ణి ఏమని పిలవాలో రాయలేదు. అందుకని ఏమీ పిలవకుండా గొంతు సవరించుకుని మొదలుపెడుతుంటాను.

"ఏంట్రా, ముల్లు గుచ్చుకుందా?"

"లేదండీ. ఒక మాట అడగాలి."

"పొగగొట్టం ఊరికే బాగుచేసి పెట్టినప్పుడే అనుకున్నా. అడుగు."

అడిగాను. ఆవిడ చేప మీద నిమ్మకాయ పిండుతూ ఉండిపోయింది. రసం అయిపోయాక కూడా పిండింది.

"కొరీన్‌కి తెలుసా?"

"తెలీదు."

"మాడిసన్ ఎంత దూరం?"

"గంటన్నర. మంచు పడితే రెండున్నర."

"ఆ పెద్ద రోడ్డు మీద నేను కారు నడపలేను." గ్లాసులో ఉన్న బ్రాందీ కాస్తా తాగేసింది. "పిల్ల అక్కడికెళ్తే ఇంక ఈస్టరుకీ క్రిస్మస్‌కీ చూడ్డమే. ఆదివారం రా. కప్పు గొట్టాల్లో ఆకులున్నాయి, తియ్యాలి."

అంటే ఒప్పుకున్నట్టేనా? ఆవిడ భాషలో ఒప్పుకున్నట్టే.

మార్చి 9, ఆదివారం

ఆవిడ కంప్యూటర్ ముందు కూర్చుని, "నువ్వు వెనక నిలబడితే నా చెయ్యి వణుకుతుంది, నిచ్చెనెక్కు పో" అంది. నిచ్చెనెక్కాను.

ఆ ఇంటికి పైన ఇంకో వాటా ఉంది. రెండు గదులు, వంటిల్లు, విడిగా మెట్లు. మామగారు స్టాన్ రిటైరయ్యాక రేడియోలు విప్పుకుంటూ, పేకాడుకుంటూ అక్కడే గడిపేవాడు. ఆయన పోయి ఆరేళ్ళు. అప్పట్నుంచీ తాళమే. నిచ్చెన మీంచి కిటికీలో చూస్తే కుర్చీకి ఆయన కోటు అలాగే వేలాడుతోంది. ఆ వాటా అద్దెకివ్వొచ్చు కదా అని కొరీన్ ఒకసారి అన్నందుకు ఆవిడ నెల్లాళ్ళు ఫోన్ ఎత్తలేదు. నేను చూపు తిప్పుకుని ఆకులు తీశాను. నాకెందుకొచ్చిన గొడవ.

మార్చి 20

కార్డొచ్చింది! నా పేరు పొంగి కనబడుతోంది, గార్త్ ఫ్రిట్చ్ అని. బర్నడీన్ నా చేతికిచ్చింది, చూసుకోనిచ్చింది, మళ్ళీ లాక్కుంది. ఖాళీ వెన్న డబ్బాలో పడేసి, నిండా నీళ్ళు పోసి, మూత పెట్టి, ఫ్రీజర్లో జింక మాంసం పొట్లాల పక్కన పెట్టింది.

"వాడాలనిపిస్తే గడ్డ కరిగేదాకా ఆగాలి. కరిగేలోగా బుద్ధొస్తుంది."

"నాకు బుద్ధి లేదనా?"

"ఉందో లేదో తెలుసుకునేంత తొందర నాకేం లేదు."

షరతులు: కార్డు ముట్టుకోకూడదు. బ్యాంకు ఊసెత్తకూడదు. శుక్రవారం చేపలకి, మంగళవారం బౌలింగ్‌కి తీసుకెళ్ళాలి. దీనికంటే సులువుగా ఎవరికైనా గౌరవం దొరికిందా?

ఏప్రిల్ 22

పుట్టాను! స్కోర్ వచ్చింది. ఆరువందల తొంభై మూడు.

అపార్ట్‌మెంట్ వాళ్ళకి ఏడువందలు కావాలి. అయినా ఫర్వాలేదు, పెరుగుతుంది. నివేదికలో ఇంకో వింత ఉంది. ఆ కార్డు వయసంతా నా లెక్కలోనే వేశారు. నాకు ముప్పై తొమ్మిది, నా పరపతికి ముప్పై ఎనిమిది. ఏడాది పిల్లాడిగా పాలసీసా నోట్లో పెట్టుకుని కార్డు గీకుతూ తిరిగానన్నమాట. అప్పట్నుంచీ ఒక్క బిల్లూ ఆలస్యం చెయ్యలేదు. ఎంత బుద్ధిమంతుణ్ణి!

ఏప్రిల్ 23

693.

ఏప్రిల్ 24

693. షుగరున్నవాళ్ళు సూది గుచ్చుకున్నట్టు పొద్దున్నే చూసుకుంటున్నాను.

మే 3

డ్వైట్‌కి ఆర్థిక క్రమశిక్షణ గురించి గంటసేపు చెప్పాను. మనిషికి మాట నిలకడ ముఖ్యమనీ, బిల్లు వచ్చిన రోజే కట్టాలనీ, పరపతి ఒక్క రోజులో రాదనీ. వాడు పకోడీలా మొహం పెట్టి విన్నాడు.

"అన్నయ్యా, నువ్వు ఇప్పటిదాకా ఒక్క బిల్లయినా కట్టావా?"

"సూత్రం చెబుతున్నాను."

అరువు సొమ్ములు బరువు చేటంటారు. నాకేం బరువనిపించడం లేదు. కాలరున్న చొక్కా కూడా ఒకటి కొన్నాను. నోట్లిచ్చే కొన్నాననుకోండి. అనుకోండి అని ఎవర్ని అంటున్నాను? ఇది చదివేది నేనొక్కణ్ణే.

మే 11, ఆదివారం, మాతృదినోత్సవం

బర్నడీన్ ఇంట్లో భోజనం. నన్నూ పిలిచింది, ఎందుకో కొరీన్ కూడా కాదనలేదు. అంతా బాగానే ఉంది, ఐస్‌క్రీం తెస్తానని ఓపల్ ఫ్రీజర్ తలుపు తీసేదాకా.

"అమ్మా! బుషా నాన్నని గడ్డకట్టించేసింది!" బుషా అంటే అమ్మమ్మ, వాళ్ళ పోలిష్ పిలుపు. డబ్బా మూత తీసి, ఎత్తి చూపించింది. మంచులో మసగ్గా నా పేరు సగం.

కొరీన్ డబ్బా వైపు చూసింది, వాళ్ళమ్మ వైపు చూసింది, కోటు తీసుకుని వాకిట్లోకి వెళ్ళింది. నేను వెనకే వెళ్ళాను. అప్పుడే వెళ్ళకపోతే బావుండేది, వెళ్ళకపోయినా తిట్టేది.

"నాలుగేళ్ళ కిందట నేనడిగాను, గార్త్. ఇల్లు కొందామనుకున్నాం గుర్తుందా? నీకు అప్పు పడదని నా పేరు మీదే అడిగా, నా స్కోర్ చాలలేదు. 'నన్ను చేర్చుకోమ్మా' అన్నా. కన్నకూతుర్ని. 'కుదరదే' అంది. ఎందుకు కుదరదో కూడా చెప్పలేదు. నీకైతే మంచులో పెట్టి మరీ దాచింది."

"నాకు తెలీదు."

"నీకేం తెలుసు? నేను చిన్న కార్డు తీసుకుని, నెలనెలా కట్టుకుని, ఒక్కో మెట్టూ ఎక్కి తెచ్చుకున్నా. నువ్వు చేపల వేపుడు తినిపించి తెచ్చుకున్నావ్."

"నా పేరు తీయించెయ్యమంటావా?"

"అననులే. పిల్లకి గది కావాలి, నాకు మాత్రం తెలీదా? కానీ ఆ వచ్చే గది నీ పేరు మీద వచ్చింది కాదు. అది గుర్తుపెట్టుకో."

లోపల బర్నడీన్ కడిగిన పళ్ళేన్నే మళ్ళీ కడుగుతోంది. ఎవరూ ఐస్‌క్రీం తినలేదు.

మే 12

కొరీన్ అన్నదాంట్లో నిజం లేదు. నా క్రమశిక్షణ కూడా కొంత ఉంది.

మే 13

లేదు.

జూన్ 9, సోమవారం

అపార్ట్‌మెంట్ ఖాళీ అవుతోంది. శుక్రవారం దాకా నా కోసం ఆపుతామన్నారు. 693.

పొగగొట్టం పనికి వెళ్ళిన ఇంటాయన చెప్పాడు, కార్డు మీద వాడుకునే హద్దు పెంచమని బ్యాంకుని అడిగితే స్కోర్ చటుక్కున పైకి లేస్తుందని. హద్దు పెరిగితే వాడకం తక్కువగా కనిపిస్తుందట. ఏడు మార్కులే కదా తక్కువ. ఒక్క ఫోన్ చేస్తే చాలు.

జూన్ 10, మంగళవారం

చాలా మంచి పని చేశాను. రాసుకోవాలి.

బర్నడీన్‌ని బౌలింగ్ దగ్గర దింపి, ఇటుకలు చూడాలని చెప్పి వాళ్ళింటికి వెళ్ళాను. పనుల కోసం ఆవిడిచ్చిన తాళంచెవి నా దగ్గరే ఉంది. డబ్బా తీసి వేణ్ణీళ్ళ కుళాయి కింద పెట్టాను. ముట్టుకోకూడదన్నది వాడకూడదని కదా, నంబరు చదవడం వాడటం కాదు. కరిగింది. చదివాను. బ్యాంకుకి ఫోన్ కొట్టాను. నా పేరూ వివరాలూ అడిగి తీసుకుని, ఆ అమ్మాయి మర్యాదగా చెప్పింది:

"హద్దు పెంచాలంటే అసలు కార్డుదారే అడగాలి సార్. స్టాన్లీ గారు లైన్లోకి వస్తారా?"

నాకు నవ్వొచ్చింది. "ఆయనొస్తే నేను పారిపోతాను."

"అర్థం కాలేదు సార్."

"అమ్మాయ్, ఆయన పోయి ఆరేళ్ళయింది. శవపేటిక మోసినవాళ్ళలో నేనొకణ్ణి. ఆ కార్డు ఇప్పుడు ఆయన భార్యది. మీ రికార్డుల్లో పాత పేరుండిపోయినట్టుంది, సరిచేసుకోండి."

టకటకా ఏదో కొట్టుకుంది. "మీకు మా ప్రగాఢ సానుభూతి సార్."

"ఇప్పుడెందుకులెండి, ఆరేళ్ళయింది" అన్నాను పెద్దరికంగా.

నమోదు చేసుకున్నానంది, తెలియజేసినందుకు ధన్యవాదాలంది. అంత పెద్ద బ్యాంకు చేసిన తప్పుని ఒక సున్నపు మేస్త్రి పట్టుకున్నాడు. కార్డుని డబ్బాలో పెట్టి, మళ్ళీ నీళ్ళు పోసి, జింక మాంసం పక్కనే పెట్టాను. బర్నడీన్‌కి అప్పుడే చెప్పను. హద్దు పెరిగాక చెబితే ఆశ్చర్యపోతుంది.

జూన్ 13, శుక్రవారం

పొద్దున్న స్కోర్ చూస్తే అంకె లేదు. గీత ఉంది. యంత్రం పాడైందనుకున్నాను.

సాయంత్రం చేపలు. తన వంతు తనే కట్టడం బర్నడీన్ పట్టుదల. బారు అతను కార్డు వెనక్కి తెచ్చాడు.

"బర్నడీన్, ఇది ఆడట్లేదు."

"మళ్ళీ గీకు."

"మూడుసార్లు గీకా."

పక్క బల్ల దగ్గర ఆవిడ బౌలింగ్ స్నేహితురాళ్ళు నలుగురూ ఫోర్కులు ఆపి చూశారు. ఆవిడ మొహం తెల్లగా అయిపోయింది. నేను నోట్లు తీసి బల్ల మీద పెట్టాను, మహారాజులా. ట్రక్కులో కూర్చున్నాక ఆవిడ సీటు బెల్టు కూడా పెట్టుకోలేదు.

"ఎవరికైనా ఫోన్ చేశావా?"

చెప్పాను. మొదట గర్వంగానే మొదలుపెట్టాను, దేవుడా. సగంలో ఆవిడ కళ్ళు చూసి ఆగిపోయాను.

"ఆ కార్డు ఎప్పుడూ నాది కాదురా" అంది. "మొదట్నుంచీ స్టాన్‌దే. నేనూ నీలాగే, పక్కన చేర్చిన పేరు. బిల్లు చూసేది నేను, చెక్కు రాసేది నేను, స్టాంపు నాకి అంటించేది నేను. పేరు మాత్రం ఆయనది. ఆయన పోయాక చెబితే ఖాతా మూసేస్తారని బౌలింగ్‌లో ఒకావిడ అంది. అందుకే చెప్పలేదు. నా పేరు మీద ఏముంది? లైబ్రరీ కార్డుంది."

"మరి నన్నెలా చేర్చారు?"

"కంప్యూటర్లో ఆయన పేరుతో వెళ్ళి చేర్చా. ఆయన పుట్టినరోజూ, వాళ్ళమ్మ ఇంటిపేరూ నాకు తెలీదా?"

"కొరీన్‌ని ఎందుకు చేర్చలేదు?"

"అది ప్రతిదీ ఆరా తీసే పిల్ల. కాగితాలన్నీ చూస్తానంటుంది. చూస్తే వాళ్ళ నాన్న పేరు కనబడదూ? నువ్వు ఏమీ అడగవు, నీకేమీ తెలీదు. అందుకే నీకిచ్చా. నీకు ఫోన్ చెయ్యడం వచ్చని నాకు తెలీదు."

అమాయకత్వానికి కూడా నేను పనికి రాలేదు. కాలు జారితే తీసుకోవచ్చు. కొరివితో తల గోక్కున్నవాడికి ఏ సామెతా సాయం రాదు.

ఇల్లొచ్చాక దిగబోతూ అంది. అది రాయాలనిపించడం లేదు. రాస్తున్నాను. "నెలకోసారి కవరొచ్చేది, మిస్టర్ స్టాన్లీ కాచ్‌మరెక్ అని. ఇప్పుడు ఇంక ఆయనకి ఎవరూ రాయరు."

జూన్ 14

నేను గాడిదని.

జూన్ 17

అపార్ట్‌మెంట్ వేరే వాళ్ళకిచ్చేశారు. ఆ ఆఫీసు అమ్మాయి మళ్ళీ అయ్యో అంది.

జూన్ 24

బర్నడీన్ ఫోన్ తియ్యట్లేదు. బౌలింగ్‌కి స్నేహితురాలి కారెక్కి వెళ్తోందట.

జూలై 8

కొరీన్‌కి అంతా చెప్పాను. అరుస్తుందనుకున్నాను. వంటింటి స్టూలు మీద కూర్చుండిపోయింది.

"నాలుగేళ్ళూ నేనంటే నమ్మకం లేక ఇవ్వలేదనుకున్నా" అంది. "భయపడి ఇవ్వలేదా? నాతో చెప్పొచ్చుగా, గార్త్? పక్కన కూర్చుని ఫారాలు నింపేదాన్నిగా."

మా ఇద్దరి మధ్యా ఉన్న పదేళ్ళ కాపురంలో నేను చెప్పనివి రాస్తే ఈ పుస్తకం చాలదు.

మాడిసన్ వాళ్ళు ఆగస్టు పదిహేనులోగా జవాబు చెప్పమన్నారట. "ఇంకో ఇల్లు దొరుకుతుందా?" అని అడిగింది. దొరుకుతుందన్నాను. నేనంత గట్టిగా అబద్ధం చెప్పడం ఆమెకి అలవాటే.

జూలై 11, శుక్రవారం

చేపల వేళకి ట్రక్కు తీసుకెళ్ళి బర్నడీన్ ఇంటి ముందు ఆపుకుని కూర్చున్నాను. తలుపు తియ్యలేదు. కిటికీ తెర మాత్రం కదిలింది.

జూలై 18, శుక్రవారం

మళ్ళీ కూర్చున్నాను. తెర కూడా కదల్లేదు. ఇటు పక్కింటాయన వచ్చి, ట్రక్కు అమ్ముతున్నావా అని అడిగాడు.

జూలై 25, శుక్రవారం

వాన. కూర్చున్నాను. నేను చేసిన పనికి క్షమించమని అడిగే మొహం కూడా లేదు, ఊరికే కనబడితే చాలనుకున్నాను. ఆవిడంటే నాకు ఇష్టమని ఇప్పుడు తెలుస్తోంది. కార్డు కోసమే తిరుగుతున్నానని అన్ని వారాలూ నాకు నేను చెప్పుకున్నాను. కార్డు పోయింది, శుక్రవారం మాత్రం వస్తూనే ఉంది.

ఆగస్టు 1, శుక్రవారం

తలుపు తీసుకుని బయటికొచ్చింది. ట్రక్కు ఎక్కలేదు.

"చేపలు తర్వాత. ముందు పైకి రా."

చేతిలో తాళంచెవి ఉంది. పక్కనున్న మెట్లెక్కి పై వాటా తలుపు తీసింది. మూసి ఉన్న గది వాసన. కుర్చీకి కోటు, బల్ల నిండా విప్పిన రేడియోలు. ఆవిడ కోటుని ముట్టుకోకుండా కిటికీ దగ్గరికి వెళ్ళి అటు తిరిగి నిలబడింది.

"ఫోన్లో ఆ అమ్మాయి ఏమంది, నువ్వు చెప్పినప్పుడు?"

"సానుభూతి తెలిపింది."

"బ్యాంకుదా?"

"ఆ."

"మర్యాద తెలిసిన పిల్లే." కిటికీ గడియ తీసింది. "ఆయన పోయాడని నేను ఎవరికీ నోరు తెరిచి చెప్పలేదురా. ఆస్పత్రివాళ్ళు కొరీన్‌కి చెప్పారు, అది అందరికీ చెప్పింది. నేను తల ఊపానంతే. ఇప్పుడు బ్యాంకుకి కూడా తెలిసిపోయింది. నేనొక్కదాన్నే తెలీనట్టు కూర్చుంటే ఎలా?"

నేను క్షమించమని అడగబోయాను. "అమ్మా" అన్నాను, చొక్కా అంచుతో కళ్ళు తుడుచుకున్నాను.

"ఏడవకు, పనుంది. ఆ వెనక గది పిల్లకి సరిపోతుందా?"

"సరిపోతుంది."

"అద్దె ఊరికే ఇవ్వను. రొక్కం తీసుకోను. చెక్కు రాయాలి, ఒకటో తారీఖున. ఒక్కరోజు దాటినా వడ్డీ."

"నా స్కోర్ చూడరా?"

"చూశాలే. మూడు వారాలు కిటికీలోంచి."

చేపలకి వెళ్ళేసరికి వేడివి అయిపోయాయి. చల్లారినవే తిన్నాం. అల్లుడు ఇల్లరికం రావడం లోకంలో ఉన్నదే. విడాకులయ్యాక ఇల్లరికం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

ఆగస్టు 10

కొరీన్ కూడా వచ్చి సామాను తీయించింది. స్టాన్ కోటు ఏం చెయ్యాలని మాత్రం ఎవరూ అడగలేదు, కొరీన్ తొడుక్కుని వెళ్ళిపోయింది. ఎండాకాలంలో.

ఆగస్టు 14

మాడిసన్‌కి రావట్లేదని కొరీన్ రాసి పంపింది. మధ్యవర్తి వచ్చి, ఓపల్ గది తలుపు తీసి, వేసి చూసుకుని, సంతకం పెట్టింది.

ఆగస్టు 21

బర్నడీన్ తన పేరు మీద కార్డు కావాలని నా ట్రక్కులో బ్యాంకుకి వెళ్ళింది. చరిత్ర లేదన్నారు. డెబ్బై రెండేళ్ళ మనిషిని, నలుగురు పోప్‌ల కాలం నుంచి బిల్లులు కట్టినదాన్ని, నాకు చరిత్ర లేదా అని గుమస్తాని నిలబెట్టి అడిగింది. ఇంటికొచ్చి నోరెత్తలేదు. కొరీన్‌కి చెప్పాను. ఈసారి చెప్పవలసిన మనిషికే చెప్పాను.

ఆగస్టు 31, ఆదివారం

ఓపల్ పెట్టెతో దిగింది. ఎల్లుండి బడి. ఆదివారం నుంచి బుధవారం మధ్యాహ్నం దాకా నాది.

పెట్టె పైకి చేర్చి కిందికి దిగుతుంటే, కింది వంటింటి కిటికీలో కొరీన్ కనబడింది, వాళ్ళమ్మ ముందు ఒక కవరు పెడుతోంది. నేను మెట్ల మీదే ఆగిపోయాను. దొంగచాటుగా వినడం తప్పే. విన్నాను.

బర్నడీన్ కవరు చించింది. కొత్త కార్డు. కళ్ళద్దాలు ముక్కు మీదికి జరుపుకుని చదివింది.

"ఇందులో నా పేరుందేమిటే?"

"నా కార్డు మీద నిన్ను చేర్చా."

"నేను నిన్ను చేర్చలేదు కదే."

"అవును, చేర్చలేదు."

"మరి ఎందుకు చేశావ్?"

కొరీన్ వాళ్ళమ్మ చేతిలోంచి చిరిగిన కవరు తీసుకుని మడతపెట్టింది. "నువ్వడగలేవని చేశా."

బర్నడీన్ ముక్కు చీదింది. కార్డు అటు తిప్పి, ఇటు తిప్పి చూసింది. "దీంతో నేనేం కొనాలి?"

"ఏం కొనక్కర్లేదమ్మా. నువ్వుంటే చాలు."

ఆవిడ కుర్చీ జరిపిన చప్పుడైంది. తర్వాత ఏమైందో చూడలేదు, ఆ మాత్రం సిగ్గు నాకూ ఉంది. మళ్ళీ మెట్లెక్కి పైకి వచ్చేశాను.

ఓపల్ అప్పటికే తన గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. "భోజనానికి రా" అని తలుపు తోయబోయాను.

"నాన్నా! తట్టి రావాలి!"

తట్టాను.

"ఆగు, సర్దుకుంటున్నా."

బయట నిలబడ్డాను. ఇంకా నిలబడే ఉన్నాను, పుస్తకం గోడకి ఆనించి రాస్తున్నాను. ఎంతసేపు నిలబెడుతుందో నిలబెట్టనీ. పిల్లకి తలుపేసుకునే గది ఉంది, అది నా ఇంట్లో ఉంది.